ఆ కాగితం మీద పార్టీ పేరు లేదు

ఒకప్పుడు ఇంగ్లండులోని షెఫీల్డ్‌లో కత్తిని ఒక్క చెయ్యి చేసేది కాదు. కొలిమి దగ్గర ఒకరు అలుగు సాగగొట్టేవారు. సానరాయి మీద ఇంకొకరు పదును తేల్చేవారు. పక్క వీధి కొట్లో మరొకరు పిడి బిగించేవారు. చివరికి అది మెరుగుపెట్టే ఆడవాళ్ల దగ్గరికి చేరేది. తలకు ఎర్రగుడ్డ కట్టుకుని, మసి అంటకుండా ఒంటికి గోధుమరంగు కాగితం చుట్టుకుని పనిచేసే వాళ్లను ఆ ఊళ్లో 'బఫర్ గర్ల్స్' అనేవాళ్లు. ఈ పనుల్లో ఏదో ఒక్కదాన్ని పట్టుకుని, చిన్న గది అద్దెకు తీసుకుని బతికే పనివాడు 'లిటిల్ మెస్టర్'. ఒక్క కత్తి తయారవడానికి అలాంటి గదులు మూడో నాలుగో తిరగాల్సి వచ్చేది.

1950ల్లో ఒక మే నెల సాయంత్రం అనుకుందాం. నగర కౌన్సిల్ ఎన్నిక. పని దిగిన ఒక బఫర్ అమ్మాయి చేతులు కడుక్కుని, దారిలోని బడికి వెళ్తుంది. ఆ రోజుకు ఆ బడి గదే పోలింగ్ కేంద్రం. తన పేరు చెప్తే జాబితాలో చూసి ఒక కాగితం ఇస్తారు. చెక్క గదిలో దారంతో కట్టిన పెన్సిల్ ఉంటుంది. కాగితం మీద రెండో మూడో పేర్లు, వాళ్ల ఇంటి చిరునామాలు, వాళ్లు చేసే పని ఉంటాయి. పార్టీ పేరు లేదు. గుర్తు లేదు. లేబర్ పార్టీ మనిషి ఎవరో, ఎదురు నిలిచింది ఎవరో కాగితం చెప్పదు, తెలుసుకునే రావాలి. ఒక పేరు పక్కన అడ్డగీతలు రెండు గీసి, మడిచి, పెట్టెలో వేసి వెళ్తుంది. రెండు నిమిషాల పని.

మొదటిసారి ఈ సంగతి చదివినప్పుడు నన్ను ఆపేసింది ఆ పార్టీ పేరు లేకపోవడమే. గోడ మీద గుర్తు చూసి పెరిగిన మనకు గుర్తు లేని ఓటు ఊహకు అందదు. సరిగ్గా ఆ రోజుల్లోనే, 1951-52లో, మన దేశం మొదటి సార్వత్రిక ఎన్నికలు జరుపుకుంది. చదువురాని కోట్లమంది కోసం మనవాళ్లు ఒక్కో అభ్యర్థికి ఒక్కో పెట్టె పెట్టి, పెట్టె మీద గుర్తు అంటించారు. ఇంగ్లండులో ఉక్కు పోతపోసే ఊళ్లో మాత్రం ఓటరు చేతికి ఉత్త పేర్ల కాగితం వచ్చింది. ఎందుకిలా ఉందని వెనక్కి వెళ్లడం మొదలుపెడితే ఆ కాగితం కూడా షెఫీల్డ్ కత్తిలాగే కనిపించింది. ఎవరో ఒక్కరు కూర్చుని కనిపెట్టింది కాదు. దాని మీది ప్రతి గీతనూ ఒక్కొక్కరు, ఒక్కో కాలంలో, ఒక్కో చోట తయారుచేశారు. కొందరు దాని కోసం జైల్లో చచ్చిపోయారు.

మొదలు ఎక్కడంటే, ఓటే లేని ఊళ్లో. 1740ల్లో బెంజమిన్ హంట్స్‌మన్ అనే గడియారాల పనివాడు మూసల్లో ఉక్కును కరిగించి శుద్ధి చేసే పద్ధతి కనిపెట్టాక షెఫీల్డ్ పేరు లోకమంతా తెలిసింది. అయినా 1832 దాకా ఆ ఊరికి పార్లమెంటులో సొంత సభ్యుడు లేడు. నాలుగు ఇళ్లున్న పాత పల్లెలకు ఇద్దరేసి సభ్యులు ఉండేవాళ్లు. వేల కొలుములున్న ఊరికి ఒక్కడూ లేడు. 1832 సంస్కరణ చట్టం ఆ ఊరికి రెండు స్థానాలు ఇచ్చింది. ఆ మొదటి ఎన్నిక డిసెంబరులో జరిగింది. ఓటు అప్పటికి ఆస్తి ఉన్న కొద్దిమందికే. టాంటీన్ సత్రం ముందు గుమిగూడిన జనం మీద సైనికులు కాల్పులు జరిపితే మనుషులు చనిపోయారు. షెఫీల్డ్ ఎన్నికల చరిత్ర తెరుచుకున్నది ఆ కాల్పుల మోతతో.

పార్లమెంటు తర్వాత వంతు ఊళ్ల పాలనది. అప్పటి పాత నగర సంఘాలు చాలావరకు తమవాళ్లను తామే నియమించుకునే మూసిన గుంపులు. వాటి లెక్కలు తవ్వడానికి ఒక కమిషన్ వేశారు. బర్మింగ్‌హామ్ లాయరు జోసెఫ్ పార్క్స్ దానికి కార్యదర్శి. ఆ నివేదిక మీద 1835లో మునిసిపల్ కార్పొరేషన్ల చట్టం వచ్చింది. 178 పట్టణాల్లో పన్ను కట్టేవాళ్లు కౌన్సిలర్లను ఎన్నుకునే ఏర్పాటు అప్పుడు పుట్టింది. కౌన్సిలర్ గడువు మూడేళ్లు. అందరూ ఒక్కసారి దిగిపోరు. ఏటా నవంబర్ 1న మూడో వంతు మంది దిగుతారు, వాళ్ల జాగాకే ఎన్నిక. 1950ల్లో ఆ బఫర్ అమ్మాయి ఏటేటా ఓటుకు వెళ్లడానికి కారణం ఇదే. తన వార్డుకు ముగ్గురు కౌన్సిలర్లు, ఏడాదికొకరి వంతు. ఊరి మనసు మారితే ఒక్క రోజులో పాలన తిరగబడకుండా, అలాగని మూడేళ్లు జనం మాట వినకుండా ఉండలేకుండా చేసిన ఏర్పాటు అది. నాకైతే ఆ చట్టంలో అన్నిటికన్నా తెలివైన ముక్క ఇదేననిపిస్తుంది.

అదే చట్టంలో ఇంకో ముక్క ఉంది. దాని పుట్టుక వేరు. కామన్స్ సభ పంపిన బిల్లులో కౌన్సిల్ మొత్తం జనం ఎన్నుకున్నదే. లార్డ్స్ సభలో లిండ్‌హర్స్ట్ ప్రభువు, ఆయన వెంట ఉన్నవాళ్లు దానికి అడ్డం తిరిగారు. అనుభవజ్ఞుల పేరుతో కొందరిని జనం ఓటుకు అందకుండా లోపల కూర్చోబెట్టాలని పట్టుబట్టారు. బేరం కుదిరి ఆల్డర్‌మన్ అనే పదవి మిగిలింది. ముగ్గురు కౌన్సిలర్లకు ఒక ఆల్డర్‌మన్. ఆయన్ను ఎన్నుకునేది జనం కాదు, కౌన్సిలర్లే. గడువు ఆరేళ్లు. అంటే సభలో నాలుగో వంతు మంది ఓటరు ముఖం చూడకుండానే కూర్చుంటారు. ఆ బేరం 1974 దాకా బతికింది. నూట ముప్పై తొమ్మిదేళ్లు.

ఆ చట్టం కింద ఓటు వేయడం ఎలాగో చూస్తే 1950ల కాగితం విలువ తెలుస్తుంది. ఓటరు ఒక చీటీ తెచ్చి అధికారి చేతికి ఇవ్వాలి. దాని మీద తను ఎవరిని కోరుకుంటున్నాడో రాసి, కింద తన పేరు, ఇల్లు రాసి సంతకం పెట్టాలి. యజమానికి, ఇంటి ఓనరుకు, అప్పిచ్చిన కొట్టువాడికి ఎవరు ఎటు ఓటు వేశారో తెలియకుండా ఎలా ఉంటుంది? పెద్ద పట్టణాల్లో కౌన్సిలర్‌గా నిలబడాలంటే వెయ్యి పౌండ్ల ఆస్తి ఉండాలి, లేదా ముప్పై పౌండ్ల విలువ మీద పన్ను కడుతుండాలి. లిటిల్ మెస్టర్ ఎవడూ ఆ గడప దాటలేడు.

పైగా షెఫీల్డ్ ఆ 178లో లేదు. దానికి పాత నగర సంఘమే లేకపోవడంతో కొత్త చట్టం దాన్ని తాకలేదు. 1624 నుంచీ ఉన్న కత్తుల పనివాళ్ల సంఘం, ఊరి ధర్మకర్తలు, చర్చి ఆస్తులు చూసే పెద్దలు, తలా ఒక ముక్క పట్టుకుని ఊరిని నడిపేవాళ్లు. కార్పొరేషన్ కావాలని 1838లో అర్జీ పెడితే, పన్నులు పెరుగుతాయన్న భయంతో వద్దన్న సంతకాలు ఎక్కువై అది పోయింది. 1843లో కార్పొరేషన్ ఏర్పాటుకు చార్టర్ వచ్చింది. 42 మంది కౌన్సిలర్లు, 14 మంది ఆల్డర్‌మన్లు, మొత్తం 56 మంది. విలియం జెఫ్‌కాక్ మొదటి మేయరు.

ఆ మధ్య ఏళ్లలో ఊళ్లో వేరే మంట రగులుతోంది. చార్టిస్టులు. వాళ్లు అడిగినవి ఆరు: వయసొచ్చిన ప్రతి మగవాడికీ ఓటు, రహస్య ఓటు, సభ్యుడు కావడానికి ఆస్తి నిబంధన పోవాలి, సభ్యులకు జీతం ఉండాలి, నియోజకవర్గాలు సమానంగా ఉండాలి, ఏటా పార్లమెంటు ఎన్నికలు జరగాలి. లక్షల సంతకాల అర్జీలను పార్లమెంటు తోసిపుచ్చింది. షెఫీల్డ్‌లో శామ్యూల్ హోల్బెరీ అనే యువకుడు 1840 జనవరిలో తిరుగుబాటుకు పథకం వేశాడు. ముందే బయటపడి పట్టుబడ్డాడు. జైలు ఆయన్ను నిలువునా తినేసింది. 1842లో యార్క్ కోట జైల్లో చనిపోయాడు. శవం ఊరికి వస్తే వేల మంది వెంట నడిచారు. ఆయన సమాధి ఇప్పటికీ షెఫీల్డ్ జనరల్ సిమెటరీలో ఉంది.

తిరుగుబాటు విఫలమయ్యాక అదే ఊళ్లో చార్టిస్టులు వేరే దారి పట్టారు. ఈ కథలో నేను ఎక్కువసేపు ఆగాలనుకునే చోటు ఇది. ఐజాక్ ఐరన్‌సైడ్ అనే లెక్కల మనిషి, లండన్ తలుపు మూసుకుంటే ఊరి తలుపు తట్టాలన్నాడు. ఆయన 1846లో కౌన్సిల్‌లోకి వెళ్లాడు. ఏటా మూడో వంతు సీట్లకు ఎన్నిక అన్న ఏర్పాటు ఆయనకు కలిసొచ్చింది. ఏడాదికి కొందరు చొప్పున లోపలికి పంపుకుంటూ పోయారు. 1849 నాటికి 56 మందిలో 22 మంది చార్టిస్టులు. దేశం ఓటివ్వని వాళ్లు ఊరి సభలో దాదాపు ఐదింట రెండు వంతులు అయ్యారు. ఆస్తి నిబంధన ఉన్నా, సంతకం చేసిన చీటీలతోనే, అంతదూరం వచ్చారు. వార్డు వార్డుకు జనం కూర్చుని మాట్లాడుకునే సభలు పెట్టించాడు ఐరన్‌సైడ్. తమ వీధి మురుగు ఎటు పోవాలో, దీపం ఎక్కడ పెట్టాలో ఆ వీధివాళ్లే తేల్చుకోవాలన్నది ఆయన పట్టుదల.

అదే గాలిలో 1851 ఫిబ్రవరిలో షెఫీల్డ్ ఆడవాళ్లు ఒక హోటల్ గదిలో కూడి 'ఫిమేల్ పొలిటికల్ అసోసియేషన్' పెట్టుకున్నారు. క్వేకర్ సంస్కర్త ఆన్ నైట్ వాళ్లకు దన్ను. బ్రిటన్‌లో ఆడవాళ్ల ఓటు కోసం పుట్టిన మొదటి సంఘం ఇదే. వాళ్లు పంపిన అర్జీని ఒక ప్రభువు లార్డ్స్ సభ ముందు పెట్టాడు. ఏమీ జరగలేదు. అయితే ఆ కోరిక కాగితం మీదికి ఎక్కింది, చదివినవాళ్లు ఉన్నారు.

రహస్య ఓటు మాత్రం సముద్రం దాటి తిరిగి రావలసి వచ్చింది. చార్టిస్టుల్లో కొందరు శిక్షపడి, కొందరు బంగారం కోసం ఆస్ట్రేలియా వెళ్లారు. వాళ్ల కోరికలూ వాళ్లతో వెళ్లాయి. 1855 డిసెంబరులో మెల్‌బోర్న్‌లో విలియం నికల్సన్ అనే కిరాణా వ్యాపారి, ఒకప్పటి ఆ ఊరి మేయరు, రహస్య ఓటు తీర్మానం నెగ్గించుకున్నాడు. హెన్రీ చాప్‌మన్ అనే లాయరు దాన్ని చట్టంగా రాశాడు. ప్రభుత్వమే ముద్రించిన కాగితం, దాని మీద అందరి పేర్లు, ఒంటరిగా నిలబడి గీసే గది. 1856లో విక్టోరియా, దక్షిణ ఆస్ట్రేలియా రెండూ దీన్ని చట్టం చేశాయి. విక్టోరియాలో వద్దనుకున్న పేర్లు కొట్టేయాల్సి ఉండేది. దక్షిణ ఆస్ట్రేలియాలో కావాలనుకున్న పేరు పక్కన అడ్డగీతలు పెట్టాల్సి ఉండేది. బఫర్ అమ్మాయి పెన్సిల్ గీత ఆ రెండోదాని వారసత్వం.

ఇంగ్లండు 1872లో ఈ పద్ధతిని చట్టంగా తీసుకుంది. దాని కింద మొదటి ఉప ఎన్నిక ఆగస్టు 15న, యార్క్‌షైర్‌లోనే, పాంటీఫ్రాక్ట్ అనే చిన్న ఊళ్లో జరిగింది. ఊరు అతిమధురం బిళ్లలకు పేరుపడింది. పెట్టెకు లక్క వేసి ముద్ర కొట్టాల్సి వస్తే ఆ బిళ్లల మీద కొట్టే కోట, గుడ్లగూబ ముద్రనే తెచ్చి కొట్టారు. ఆ పెట్టె ఇప్పటికీ ఆ ఊరి మ్యూజియంలో ఉంది. గెలిచిన అభ్యర్థి హ్యూ చైల్డర్స్. నికల్సన్ తీర్మానం నెగ్గిన రోజుల్లో ఇదే చైల్డర్స్ మెల్‌బోర్న్‌లో వలస ప్రభుత్వంలో ఉన్నాడు. మెల్‌బోర్న్‌లో కళ్ల ముందు పుట్టిన పద్ధతి యార్క్‌షైర్‌లో మొదటగా ఆయన పేరుతోనే పెట్టెలో పడింది. అదే ఏడాది నవంబర్‌లో పట్టణాల ఎన్నికలకూ సంతకాల చీటీ పోయి ఈ కాగితం వచ్చింది.

ఆ చట్టమే కాగితం మీద ఏముండాలో కూడా నిర్ణయించింది. అభ్యర్థి పేరు, ఉండే చోటు, చేసే పని. ఎన్నికను మనిషిని ఎంచుకోవడంగా చూసిన కాలం అది. పార్టీ అన్నది చట్టం కంటికి కనిపించేది కాదు. వెనక వైపు ఒక సంఖ్య ముద్రించేవాళ్లు, అదే సంఖ్య పుస్తకంలో మిగిలే ముక్క మీద ఉండేది, ఆ ముక్క మీద ఓటరు జాబితా నంబరు రాసేవాళ్లు. దొంగ ఓటు పడిందని కోర్టు తేల్చాలంటే ఆ ఓటును వెతికి తీయడానికి. లెక్కింపు తర్వాత రెండిటినీ విడివిడిగా సీలు వేసి దాచేవాళ్లు. రహస్యానికీ రుజువుకూ మధ్య ఆనాడు కుదిరిన ఒప్పందం అది.

ఓటు రహస్యమైంది సరే, ఊరి సభ చేతిలో ఏముందని జనం పట్టించుకోవాలి? దానికి షెఫీల్డ్ బదులు నీళ్లలో ఉంది. 1864 మార్చి 11 రాత్రి, ఊరికి నీళ్లమ్మే ప్రైవేటు కంపెనీ కొత్తగా కట్టిన డేల్ డైక్ ఆనకట్ట తెగింది. లోయ వెంబడి నిద్రలో ఉన్న ఇళ్లమీదుగా నీళ్లు ఊళ్లోకి వచ్చాయి. 240 మందికి పైగా పోయారు. ఆ తర్వాత నీళ్లు ఎవరి చేతిలో ఉండాలన్నది ఊరి ప్రశ్న అయింది. 1888లో కార్పొరేషన్ నీటి సంస్థను కొనేసింది. 1896లో ట్రాములు, 1898లో కరెంటు ఊరి సొంతమయ్యాయి. అలా వార్డు ఓటు కుళాయికీ, ట్రాము టికెట్టుకూ, ఇంటి దీపానికీ ముడిపడింది.

ఈ యార్క్‌షైర్ నుంచే ఒక దారి మన వైపు వచ్చింది. షెఫీల్డ్ ఉన్న వెస్ట్ రైడింగ్ ప్రాంతానికి 1857 నుంచి 1859 దాకా పార్లమెంటు సభ్యుడిగా ఉన్న యువకుడే తర్వాత లార్డ్ రిప్పన్ అయి వైస్రాయ్‌గా వచ్చాడు. 1882 మే 18న స్థానిక స్వపరిపాలన తీర్మానం చేశాడు. 1884లో మద్రాసు ప్రెసిడెన్సీకి కొత్త మునిసిపాలిటీల చట్టం వచ్చింది. 1888లో, షెఫీల్డ్ నీళ్లు కొనుక్కున్న ఏడాదే, బెజవాడ మునిసిపాలిటీ ఏర్పడింది. మనం ఇప్పటికీ వార్డు, కౌన్సిలర్, మునిసిపాలిటీ అని అనువాదం లేకుండా పలికే మాటలు ఆ బాటన వచ్చినవే.

ఆడవాళ్ల ఓటు ఊరి ఎన్నికల్లోనే ముందు వచ్చింది. 1869లో మాంచెస్టర్ సభ్యుడు జాకబ్ బ్రైట్ ఒక సవరణ పెట్టి, పన్ను కట్టే ఆడవాళ్లకు మునిసిపల్ ఓటు ఇప్పించాడు. మూడేళ్లకు కోర్టు దాన్ని కుదించింది: పెళ్లికాని వాళ్లకూ వితంతువులకూ మాత్రమేనని. భర్త ఉన్న ఆడదానికి ఆ ఓటు 1918 దాకా ఆగింది. కౌన్సిలర్‌గా నిలబడే హక్కు 1907లో వచ్చింది. షెఫీల్డ్‌లో సహకార మహిళా గిల్డ్ నుంచి వచ్చిన ఎలియనార్ బార్టన్ 1919లో కౌన్సిల్‌లో అడుగుపెట్టింది. 1936లో ఆన్ ఎలైజా లాంగ్డన్ ఊరికి మొదటి మహిళా లార్డ్ మేయర్ అయింది. హోటల్ గదిలో అర్జీ రాసుకున్న 1851 నుంచి లెక్కపెడితే ఎనభై అయిదేళ్లు.

1926 షెఫీల్డ్ ఎన్నికల రూపాన్ని తిప్పేసింది. మేలో దేశమంతా సార్వత్రిక సమ్మె. నవంబర్‌లో షెఫీల్డ్ కౌన్సిల్ లేబర్ పార్టీ చేతికి వచ్చింది. ఇంగ్లండులో ఒక పెద్ద నగరం లేబర్ కిందికి రావడం అదే మొదలు. ఎర్నెస్ట్ రోలిన్సన్ నాయకుడు, 1941లో చనిపోయే దాకా ఆ పార్టీని ఆయనే నడిపించాడు. అవతల లిబరల్స్, కన్జర్వేటివ్‌లు పాత వైరాలు పక్కనపెట్టి ఒక్క గొడుగు కిందికి చేరారు. ఆ గొడుగు పేరు మారుతూ వచ్చింది, సిటిజన్స్ అన్నారు, ప్రోగ్రెసివ్స్ అన్నారు. 1932లో లేబర్ ఓడి, మరుసటి ఏడాది తిరిగి వచ్చింది. ఆ తర్వాత ముప్పై అయిదేళ్లు దిగలేదు.

ఊరి భూగోళమే ఓట్లను పంచింది. గాలి ఎక్కువగా పడమటి నుంచి వీస్తుంది. పొగ తూర్పుకు పోయేది. డాన్ నది వెంట అటర్‌క్లిఫ్, బ్రైట్‌సైడ్, డార్నాల్‌లలో కర్మాగారాలూ పనివాళ్ల వరస ఇళ్లూ ఉండేవి. పడమటి గుట్టల మీద రాన్‌మూర్, ఫుల్‌వుడ్‌లలో శుభ్రమైన గాలీ, పెద్ద తోటలూ. ఎవరు ఏ పార్టీ వార్డులో ఉన్నారో చిమ్నీల పొగ వైపు చూసి చెప్పగలిగేవాళ్లు.

యుద్ధం ఎన్నికలను ఆపేసింది. 1938 నవంబర్ తర్వాత ఏడేళ్లు మునిసిపల్ ఎన్నిక లేదు. ఖాళీ అయిన జాగాలను కౌన్సిల్ తనే నింపుకునేది. 1940 డిసెంబర్‌లో రెండు రాత్రుల బాంబుల్లో షెఫీల్డ్‌లో ఆరు వందల మందికి పైగా పోయారు, ఊరి నడిబొడ్డు కూలింది. 1945 నవంబర్ 1న మళ్లీ పోలింగ్ జరిగినప్పుడు చాలామంది గమనించని ఒక పెద్ద మార్పు జరిగిపోయింది. అప్పటిదాకా పార్లమెంటు ఓటు పెద్దవాళ్లందరికీ ఉన్నా ఊరి ఓటు మాత్రం ఇల్లు తన పేరు మీద ఉన్నవాళ్లకూ, వాళ్ల జీవిత భాగస్వాములకే. తల్లిదండ్రుల ఇంట్లో ఉంటూ కొలిమికి వెళ్లే పాతికేళ్ల కొడుక్కి, సామాను ఉన్న గది అద్దెకు తీసుకున్న కూతురికి, ఇంటి పనమ్మాయికి లేదు. 1945 చట్టం రెండు జాబితాలనూ ఒకటి చేసింది. బాంబులు పడ్డ వీధులను తిరిగి కట్టేది ఆ కౌన్సిలే, ఆ ఇళ్ల కోసం ఎదురుచూసేది ఆ వయసువాళ్లే.  మన కథలో బఫర్ అమ్మాయి అమ్మానాన్నల దగ్గరుండే అమ్మాయే అయితే, ఆమె చేతికి ఆ కాగితం వచ్చింది ఈ మార్పు వల్లే.

1948లో ఇంకో రెండు మార్పులకు చట్టం వచ్చింది. ఒకటి, పోలింగ్ నవంబర్ నుంచి మే నెలకు మారడం. నవంబర్‌లో షెఫీల్డ్‌లో సాయంత్రం నాలుగున్నరకే చీకటి. డాన్ లోయ పొగమంచులో పని దిగినవాళ్లు బడి గదిని వెతుక్కోవాలి. మేలో రాత్రి దాకా వెలుతురే. రెండోది, సభకు వచ్చి కూలి పోగొట్టుకున్న కౌన్సిలర్‌కు ఆ నష్టం ఇచ్చే ఏర్పాటు. సభలు పగటిపూటే. ఉక్కు పనివాడు కౌన్సిలర్ అయితే షిఫ్టు పోతుంది, వారం కూలి తగ్గుతుంది. సభ్యులకు జీతం కావాలని చార్టిస్టులు అడిగిన కోరికకు ఊరి స్థాయిలో దక్కిన చిన్న ముక్క ఇది. దుకాణమో గోదామో ఉంటే చాలు, ఊళ్లో నివసించకపోయినా ఓటు వేసే హక్కు మాత్రం ఇంకా మిగిలింది. దాన్ని 1969లో తీసేశారు.

ఇక కాగితం మీద పార్టీ పేరు లేకపోతే పార్టీలు ఏం చేశాయి? ఆ లోటును పూడ్చడానికే ఒక పెద్ద పనిముట్టు పుట్టింది. ఎన్నికకు వారాల ముందే ఇంటింటికీ తిరిగి, తలుపు కొట్టి, మావాడి పేరు ఇది అని చెప్పాలి. నమూనా కాగితం పంచి ఏ పేరు పక్కన గీత పెట్టాలో చూపాలి. మనవైపన్న ఇంటి కిటికీకి అభ్యర్థి పేరున్న పోస్టర్ అంటించాలి. ఓటరు తలలో పేరు నాటాలి. అందుకే ఆ ఊళ్లలో అభ్యర్థి పేరే ప్రచారమంతా. ఇంటింటా తేలిన సంగతి కార్డుల్లోకి ఎక్కుతుంది: మనవాడు, వాళ్లవాడు, చెప్పలేనివాడు.

పోలింగ్ రోజు బడి గుమ్మం దగ్గర రెండు పార్టీల మనుషులు చెరో కుర్చీలో, కోటుకు రంగుల రిబ్బన్ పువ్వు గుచ్చుకుని కూర్చుంటారు. బయటికి వచ్చేవాళ్ల ఓటరు నంబరు అడిగి రాసుకుంటారు. ఎవరికి వేశారని అడగరు. ఆ నంబర్ల చీటీలను పిల్లలు సైకిళ్ల మీద కమిటీ గదికి చేరుస్తారు. కమిటీ గది అంటే ఎవరింట్లోనో ముందు గది. అక్కడ జాబితాలో వాళ్ల పేర్లు కొట్టేస్తారు. చీకటి పడేలోపు మిగిలిన మనవాళ్ల ఇళ్లకు వెళ్లి తలుపు కొడతారు. దీనికి పద్ధతి నేర్పింది లేబర్ పార్టీ నాయకుడు ఇయన్ మికార్డో. 1945లో రెడింగ్‌లో ఆయన గెలిచింది ఈ లెక్కతోనే. ఒక వీధి పేర్లను ఒకే షీటు మీద చాలా నకళ్లుగా తీసి, ఓటు పడ్డ పేరు కొట్టేస్తూ పోతే, గంటగంటకూ కొత్త నకలు పట్టుకుని మనుషులు ఇళ్లకు పరుగెత్తవచ్చు. 'రెడింగ్ పద్ధతి' అన్న పేరుతో అది దేశమంతా పాకింది. కంప్యూటర్ లేని కాలంలో కార్బన్ కాగితంతో చేసిన గొప్ప ఆలోచన అనిపిస్తుంది నాకు. ఊరి ఎన్నికల్లో సగం మంది కూడా ఓటు వేయని రోజులవి. గెలుపు కొత్తవాళ్లను ఒప్పించడంలో కాదు, ఇంట్లో చెప్పులు విడిచి కూర్చున్న తనవాళ్లను లేపడంలో ఉండేది.

రాత్రి లెక్కింపు. పెట్టెలు విప్పి బల్లల మీద కుమ్మరిస్తారు. పక్కపక్కనే పోటీలో ఉన్నవాళ్లు నిలబడి చూస్తారు. 1897లో విక్టోరియా రాణి తెరిచిన టౌన్ హాలు గోపురం మీద కమ్మరి దేవుడు వల్కన్ బొమ్మ ఉంటుంది. అక్కడి సభలో ఆ ఏడాది గెలిచిన మూడో వంతు మంది వచ్చి కూర్చుంటారు. వాళ్ల ఓట్ల మీదే పార్క్ హిల్ లాంటివి లేచాయి. గుట్ట అంచున దాదాపు వెయ్యి ఇళ్ల కాంక్రీటు సముదాయం అది, వీధులు గాల్లో నడిచేలా 1957 నుంచి 1961 దాకా కట్టారు.

1968లో కౌన్సిల్ ఇళ్ల అద్దెల మీద రేగిన అసంతృప్తితో ముప్పై అయిదేళ్ల లేబర్ ఓడింది. మరుసటి ఏడాదే తిరిగి వచ్చింది. 1969లోనే పార్లమెంటు ఆ కాగితాన్ని మార్చింది. ఓటు వయసు పద్దెనిమిదికి దిగింది. అభ్యర్థి తన పేరు కింద ఆరు మాటల లోపు వివరణ రాసుకోవచ్చు, అందులో పార్టీ పేరూ ఉండవచ్చు. 1872 నుంచి దాదాపు నూరేళ్లు కాగితం నోరు విప్పని మాట అది.

1970 మేలో షెఫీల్డ్ ఓటర్లు ఇరవై రెండేళ్ల విద్యార్థిని కౌన్సిల్‌కు పంపారు. డేవిడ్ బ్లంకెట్. కౌన్సిల్ ఇళ్ల పేట పార్సన్ క్రాస్‌లో పెరిగినవాడు, పుట్టుకతోనే చూపు లేనివాడు. చూపు లేని ఓటరు తన వెంట నమ్మకస్తుడిని తీసుకెళ్లి గీత పెట్టించుకోవచ్చని 1933లో చట్టం వచ్చింది. అంతకుముందు పోలింగ్ అధికారి పెట్టాల్సిందే. ఆ మే నెలలో కాగితం మీద ఆయన పేరు, చిరునామా, పార్టీ ముద్రించి ఉన్నాయి. దాని మీద తన గీత ఎక్కడ పడిందో చూసి చెప్పడానికి ఆయనకు మాత్రం ఇంకొకరి కళ్లు కావలసి వచ్చాయి.